విన్నిపెగ్‌లో ఆదివాసీ యువత, సిటీ ఉద్యోగం: మధ్యలో ఉన్న మెట్లు

కెనడాలో ఉద్యోగాలకు ఆన్‌లైన్‌లో అప్లై చేసిన మనవాళ్లలో చాలామందికి ఒక పేజీ గుర్తుండే ఉంటుంది. పేరు, అడ్రసు, చదువు అన్నీ నింపాక చివర్లో కొన్ని గడులు వస్తాయి. మీరు మహిళా? వైకల్యం ఉన్నవారా? విజిబుల్ మైనారిటీకి, అంటే ఆదివాసీలు కాకుండా తెల్లవాళ్లు కాని వర్గాలకు, చెందినవారా? ఆదివాసీలా? ఇష్టమైతే చెప్పొచ్చు, లేకపోతే లేదు. మనవాళ్లు విజిబుల్ మైనారిటీ దగ్గర టిక్కు పెట్టి ముందుకు వెళ్లిపోతారు. ఆదివాసీ అన్న గడి ఎందుకుందో, అందులో టిక్కు పెట్టేవాళ్లు ఎవరో, ఆ టిక్కు వల్ల ఏం జరుగుతుందో తెలుసుకునే తీరిక కొత్తగా దిగినవాళ్లకు ఉండదు. కొన్నాళ్లకు తోటివాళ్ల మాటలు చెవిన పడతాయి. 'వాళ్లకి ట్యాక్స్ లేదట, చదువు ఫ్రీ అట, సిటీ వాళ్లు పిలిచి ఉద్యోగం ఇస్తారట' అని. ఈ మూడూ ఆ రూపంలో నిజం కావు. అసలు సంగతి చాలా చిక్కుగా ఉంటుంది. దాన్ని విడదీయడానికి మానిటోబా రాష్ట్ర రాజధాని విన్నిపెగ్‌ని తీసుకుంటాను, ఎందుకంటే కెనడాలో మరే మహానగర ప్రాంతంలోనూ ఇంతమంది ఆదివాసీలు లేరు.

ముందు రెండు మాటల దగ్గరే తికమక

'రిజర్వ్' అనగానే మనకు రిజర్వేషన్ గుర్తొస్తుంది, అంటే కోటా. కెనడాలో రిజర్వ్ అంటే నేల. ఒడంబడికల కాలంలో ఆదివాసీ తెగలకు విడిచిపెట్టిన భూభాగం అది. దాని మీద చట్టబద్ధమైన హక్కు మాత్రం ప్రభుత్వం పేరునే ఉంటుంది, ఆ తెగ దాన్ని వాడుకుంటుంది. కాబట్టి 'ఆన్ రిజర్వ్', 'ఆఫ్ రిజర్వ్' అంటే ఆ నేల మీద ఉన్నారా, బయట ఉన్నారా అని అర్థం. కోటాలో సీటు వచ్చిందా అని కాదు.

రెండోది 'ఇండియన్'. 1876 నాటి ఇండియన్ యాక్ట్ ఇప్పటికీ అమల్లో ఉంది. అందులోని ఇండియన్ మనం కాదు. దారి తప్పిన ఓడ దిగిన కొలంబస్ పెట్టిపోయిన పేరు చట్టంలో అలాగే మిగిలిపోయింది. మామూలు మాటల్లో ఎవరినైనా అలా పిలిస్తే వాళ్లు నొచ్చుకుంటారు.

1982 రాజ్యాంగ చట్టం 35వ సెక్షన్ ఆదివాసీలను మూడు వర్గాలుగా గుర్తించింది. ఇండియన్లు, అంటే ఇప్పుడు ఫస్ట్ నేషన్స్ అంటున్నవాళ్లు, ఒకరు. ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యుయిట్ మరొకరు. మూడోవాళ్లు మెటీలు. బొచ్చు వ్యాపారం రోజుల్లో యూరప్ మగవాళ్లకూ ఆదివాసీ ఆడవాళ్లకూ పుట్టిన సంతతి నుంచి, తమదంటూ ఒక భాష, సంస్కృతి ఉన్న ప్రజగా ఎదిగినవాళ్లు. విన్నిపెగ్‌లో రెడ్ నదీ తీరం మెటీలకు సొంతగడ్డ. 1870లో మానిటోబా రాష్ట్రం ఏర్పడటానికి వాళ్ల పోరాటమే కారణం.

ఫస్ట్ నేషన్స్‌లో మళ్లీ 'స్టేటస్' ఉన్నవాళ్లు, లేనివాళ్లు ఉన్నారు. స్టేటస్ అంటే ఇండియన్ యాక్ట్ కింద ప్రభుత్వ రిజిస్టర్‌లో పేరు ఉండటం. 1985 వరకు ఒక దారుణమైన నియమం ఉండేది. స్టేటస్ ఉన్న ఆడమనిషి స్టేటస్ లేని మగవాణ్ణి పెళ్లాడితే ఆమె స్టేటస్ పోయేది. మగవాడు అదే పని చేస్తే అతని స్టేటస్ ఉండటమే కాదు, వచ్చిన భార్యకు కూడా దొరికేది. అలా పేరు కొట్టేయించుకున్న ఆడవాళ్లు సొంత ఊళ్లో ఉండే హక్కు కోల్పోయారు. చాలామంది పిల్లల్ని వెంటబెట్టుకుని పట్నం చేరారు. ఈ రోజు విన్నిపెగ్ వీధుల్లో తిరిగే కుర్రవాళ్లలో కొందరు ఆ తల్లుల మనవలు, మునిమనవలు. రక్తసంబంధం ఉంది, భాష తాలూకు నాలుగు మాటలు ఉన్నాయి, స్టేటస్ కార్డు మాత్రం లేదు. 'పట్టణ ఆదివాసీ యువత' అని ఒకే మాటలో అనేస్తాం గానీ, అందులో ఇన్ని రకాల వాళ్లున్నారు.

పట్నంలో ఉంటే ఎవరి బాధ్యత?

1867 రాజ్యాంగ చట్టం ప్రకారం ఇండియన్లు, వాళ్లకు కేటాయించిన భూములు కేంద్రం చేతిలో ఉంటాయి. మున్సిపాలిటీలు రాష్ట్రం చేతిలో ఉంటాయి. కేంద్రం దశాబ్దాల పాటు తన పనిని దాదాపుగా రిజర్వ్ సరిహద్దు దాకే అనుకుంది. రాష్ట్రమేమో ఆదివాసీల వ్యవహారం కేంద్రానిదే అంది. ఊళ్లో నుంచి బస్సెక్కి పట్నం వచ్చిన మనిషి ఈ ఇద్దరి మధ్యా పడిపోయాడు. మెటీల విషయంలోనూ, స్టేటస్ లేనివాళ్ల విషయంలోనూ వాదన 2016 దాకా సాగింది. ఆ ఏడాది డేనియల్స్ కేసులో సుప్రీంకోర్టు వాళ్లు కూడా 1867 చట్టంలోని ఇండియన్లే అని తేల్చింది. ఆ తీర్పు అధికారం ఎవరిదో చెప్పిందే గానీ, రేపటి నుంచి ఫలానా సేవ అందించండి అని ఆదేశించలేదు.

నగరపాలక సంస్థకు రాజ్యాంగం ఈ పని అప్పజెప్పలేదు. ఆదాయం ప్రధానంగా ఇంటిపన్ను నుంచే వస్తుంది. కానీ ఆ కుర్రాడు నడిచే రోడ్డు సిటీది, ఎక్కే బస్సు సిటీది, ఈత కొట్టే పూల్ సిటీది, పుస్తకం తెచ్చుకునే లైబ్రరీ సిటీది. అన్నిటికన్నా ముఖ్యంగా, సిటీ తనే వేలమందికి ఉద్యోగాలిచ్చే యజమాని. చట్టం అడగకపోయినా నగరాలు ఈ పనిలోకి దిగడానికి కారణం ఇదేనని నా అభిప్రాయం.

విన్నిపెగ్ లెక్కలు, విన్నిపెగ్ గాయం

2021 జనాభా లెక్కల్లో కెనడాలో సుమారు 18 లక్షల మంది ఆదివాసీలు తేలారు, దేశ జనాభాలో 5 శాతం. వాళ్లలో 8 లక్షల పైచిలుకు పెద్ద నగరాల్లోనే ఉన్నారు. విన్నిపెగ్ మహానగర ప్రాంతంలో లక్షా రెండు వేలు, అంటే ప్రతి ఎనిమిది మందిలో ఒకరు. దేశవ్యాప్తంగా ఆదివాసీల సగటు వయసు 33.6 ఏళ్లు, మిగతావాళ్లది 41.8. ముసలివాళ్లు రిటైరై వెళ్లిపోతున్న నగరంలో, పనిలోకి రావాల్సిన తరంలో ఆదివాసీ పిల్లల వాటా పెరుగుతూ పోతోంది. వాళ్లను బయటపెట్టి ఆ నగరం నడవదు.

ఈ పిల్లలు ఏ చరిత్ర మోసుకొస్తున్నారో తెలియకపోతే మిగతాదంతా అర్థం కాదు. రెసిడెన్షియల్ స్కూళ్ల పేరుతో సుమారు లక్షన్నర మంది పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి హాస్టళ్లలో పెట్టారు. అక్కడ సొంత భాష మాట్లాడితే శిక్ష. చివరివి 1990ల ఆఖర్లో మూతపడ్డాయి. అంటే ఇవాళ ఇరవై ఏళ్లున్న కుర్రాడి అమ్మమ్మో, తాతయ్యో, కొన్ని ఇళ్లలో అమ్మానాన్నలో ఆ హాస్టల్లో పెరిగినవాళ్లే. ఇంట్లో బడి అంటే భయం, ఆఫీసు అంటే అనుమానం. ఆ తర్వాత ఫోస్టర్ కేర్, అంటే పిల్లల్ని సొంతింటి నుంచి తీసి వేరే ఇళ్లలో పెంచడం, వచ్చింది. 2021లో దేశంలో 15 ఏళ్ల లోపు పిల్లల్లో ఆదివాసీలు 7.7 శాతమే, ఫోస్టర్ ఇళ్లలో ఉన్నవాళ్లలో మాత్రం 53.8 శాతం. మానిటోబాలోనైతే ప్రభుత్వ సంరక్షణలో ఉన్న ప్రతి పదిమంది పిల్లల్లో దాదాపు తొమ్మిది మంది ఆదివాసీలే. ఈ అంకె నేను మొదటిసారి చదివినప్పుడు అచ్చుతప్పేమో అనుకుని మళ్లీ వెతికాను.

2014 ఆగస్టులో టీనా ఫాంటేన్ అనే పదిహేనేళ్ల అమ్మాయి మృతదేహం విన్నిపెగ్‌లో రెడ్ నదిలో దొరికింది. చనిపోయేనాటికి ఆమె ప్రభుత్వ సంరక్షణలో ఉంది. నగరం కదిలిపోయింది. 2015 జనవరిలో మాక్లీన్స్ పత్రిక, కెనడాలో జాతివివక్ష అతి ఘోరంగా ఉన్న చోటు విన్నిపెగ్ అని ముఖచిత్ర కథనం రాసింది. అప్పటికి కొన్ని నెలల ముందే ఎన్నికైన బ్రయన్ బోమన్ ఆ నగరానికి మొదటి మెటీ మేయర్. ఆయన ఆదివాసీ పెద్దల్ని పక్కన కూర్చోబెట్టుకుని, సమస్య ఉందని ఒప్పుకున్నాడు. తర్వాత ఆదివాసీ సలహా మండలి ఏర్పడింది. 2017లో విన్నిపెగ్ ఇండిజినస్ అకార్డ్ వచ్చింది. సంస్థలు, కంపెనీలు, కాలేజీలు ఇందులో సంతకం చేసి, తాము ఏం చేస్తామో లక్ష్యాలు పెట్టుకుని, ఏటా ఎంత చేశామో చెప్పాలి.

2008 నాటి యువత పథకం

నిజానికి సిటీ ప్రయత్నం అంతకు ముందే మొదలైంది. 2008లో నగరం ఆదివాసీ యువత కోసం ఒక విధానం తెచ్చింది. పేరు ఒజిబ్వే భాషలో 'ఓష్కీ అనిషినాబే నిగానివాక్'. ఆదివాసీ యువత ముందుండి నడపడం అని అర్థం. యువతను ఉద్ధరించడం అనకుండా, యువతే నడపడం అన్నారు. ఆ తేడా నాకు నచ్చింది.

ఇందులో రెండు పాయలున్నాయి. ఒకటి, ఆదివాసీ పిల్లలతో ఇప్పటికే పనిచేస్తున్న స్థానిక సంఘాలకు గ్రాంట్లు. అక్షరాస్యత, సంస్కృతి, ఉద్యోగ శిక్షణ వంటి వాటికి. రెండోది, సిటీ శాఖల్లోనే ఇంటర్న్‌షిప్‌ల ద్వారా పని అనుభవం. ఇది కోటా కాదు, ఇన్ని పోస్టులు వీళ్లకే అని చట్టం లేదు. పరీక్ష మార్కులు తగ్గించడం లేదు. తలుపు దాకా వచ్చేవాళ్ల సంఖ్య పెంచడమే దీని పద్ధతి.

నగరం ఒక్కటే ఇదంతా చేయడం లేదు, చేయలేదు కూడా. కేంద్రం 2019 నుంచి ఇండిజినస్ స్కిల్స్ అండ్ ఎంప్లాయ్‌మెంట్ ట్రైనింగ్ పథకం కింద డబ్బును ఆదివాసీ సంస్థల చేతికే ఇచ్చి శిక్షణ నడిపిస్తోంది. విన్నిపెగ్ హిగ్గిన్స్ అవెన్యూలో పాత కెనడియన్ పసిఫిక్ రైల్వే స్టేషన్ ఉంది. ఒకప్పుడు యూరప్ వలసదారులు పెట్టెలతో దిగిన స్టేషన్. ఆదివాసీలు 1992లో దాన్ని కొనుక్కుని శిక్షణ, సేవల కేంద్రంగా మార్చుకున్నారు. 2006లో మొదలైన బిల్డ్ అనే సామాజిక సంస్థ, జైలు నుంచి వచ్చినవాళ్లకూ ఎప్పుడూ ఉద్యోగం చేయనివాళ్లకూ పని నేర్పిస్తూ, పేదల ప్రభుత్వ ఇళ్లలో గోడలకు ఇన్సులేషన్ వేయించడం, నీళ్లు ఆదా చేసే మరుగుదొడ్లు బిగించడం వంటి పనులు చేయించింది. పని నేర్పడంతో పాటు డ్రైవింగ్ లైసెన్స్, డబ్బు లెక్కలు, వంట, పిల్లల పెంపకం కూడా అక్కడి పాఠాల్లో భాగం.

ఉద్యోగ శిక్షణలో వంటా, లైసెన్సూ ఎందుకు?

ఒక ఉదాహరణ: పూల్ దగ్గర లైఫ్‌గార్డ్

పదిహేడేళ్ల అమ్మాయి ఒకరిని ఊహించుకుందాం. నార్త్ ఎండ్‌లో, అంటే రైలు యార్డుకు అవతల, బంధువుల ఇంట్లో ఉంటుంది. ఈత బాగా వచ్చు. సిటీ పూల్‌లో లైఫ్‌గార్డ్ ఉద్యోగం ఉంది, వయసు సరిపోతుంది, జీతం బాగుంటుంది. ఆమెకు ఆ ఉద్యోగం ఎందుకు రాదు?

లైఫ్‌గార్డ్ కావాలంటే వరసగా కోర్సులు చేయాలి. బ్రాంజ్ మెడాలియన్, తర్వాత బ్రాంజ్ క్రాస్, ఫస్ట్ ఎయిడ్, ఆపైన నేషనల్ లైఫ్‌గార్డ్. ఒకటి పూర్తయితేగానీ ఇంకోటి లేదు. ప్రతిదానికీ ఫీజు. స్తోమత ఉన్న ఇంట్లో పన్నెండేళ్ల నుంచే పిల్లల్ని ఈ మెట్లు ఎక్కిస్తారు, వేసవి వచ్చేసరికి కాగితం చేతిలో ఉంటుంది. ఈమె ఇంట్లో ఎవరికీ ఈ మెట్లున్నాయనే తెలియదు. ఫీజు దాటినా, పిల్లల దగ్గర పనిచేయాలంటే పోలీసు రికార్డు తనిఖీ, మానిటోబా చైల్డ్ అబ్యూజ్ రిజిస్ట్రీ తనిఖీ కావాలి. వాటికి గుర్తింపు కార్డులు కావాలి. నాలుగు ఫోస్టర్ ఇళ్లు మారిన పిల్లకు బర్త్ సర్టిఫికెట్ ఏ ఇంట్లో ఉండిపోయిందో తెలియదు. జీతం పడాలంటే సోషల్ ఇన్సూరెన్స్ నంబర్, బ్యాంకు ఖాతా. పొద్దున ఆరు గంటల షిఫ్టుకు బస్సు.

ఇందులో ఏ ఒక్కటీ వివక్ష కాదు. పూల్‌లో పిల్లల ప్రాణం కాపాడాల్సిన మనిషికి ఆ శిక్షణ ఉండాల్సిందే. కానీ అన్నీ కలిపితే గోడ అవుతుంది.

డ్రైవింగ్ లైసెన్స్ సంగతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. పార్కులు, రోడ్లు, నీటి సరఫరా పనుల్లో చాలా ఉద్యోగాలకు లైసెన్స్ అడుగుతారు. మానిటోబాలో లెర్నర్ దశ కనీసం 9 నెలలు. ఆ దశలో పక్క సీట్లో, పూర్తి లైసెన్స్ వచ్చి కనీసం 3 ఏళ్లైన మనిషి ఉండాలి. ఆ తర్వాత ఇంటర్మీడియట్ దశ 15 నెలలు. మనవాళ్లకు ఈ టెన్షన్ తెలుసు, కెనడాలో దిగిన కొత్తలో లైసెన్స్ కోసం పడిన పాట్లు ఎవరిని కదిపినా చెబుతారు. కానీ మనకు కారున్న స్నేహితుడు ఒకడు దొరుకుతాడు. ఇంట్లో కారే లేని, లైసెన్స్ ఉన్న పెద్దవాళ్లే లేని కుర్రాడు ఆ 9 నెలలు ఎవరి పక్కన కూర్చుని నేర్చుకుంటాడు?

అందుకే మంచి పథకాల్లో డబ్బు ఎక్కువగా ఇలాంటి చిన్న చిన్న వాటికే పోతుంది. కోర్సు ఫీజు, కార్డులు, బస్ పాసు, స్టీల్ టో బూట్లు, కారుతో సహా డ్రైవింగ్ నేర్పే మనిషి. చూడటానికి ఇవి ఉద్యోగ కల్పనలా కనిపించవు.

ట్యాక్స్ లేదా? చదువు ఫ్రీయా?

ఇండియన్ యాక్ట్ 87వ సెక్షన్ ఇచ్చే మినహాయింపు స్టేటస్ ఉన్నవాళ్లకు, అదీ రిజర్వ్ మీద ఉన్న ఆస్తికీ ఆదాయానికీ మాత్రమే. మెటీలకు లేదు, ఇన్యుయిట్‌కు లేదు, స్టేటస్ లేనివాళ్లకు లేదు. ఆ అమ్మాయికి స్టేటస్ ఉన్నా సరే, విన్నిపెగ్ పూల్‌లో పనిచేస్తూ పట్నంలోనే ఉంటే ఆ జీతం మీద అందరిలాగే ఆదాయపన్ను కట్టాల్సిందే.

చదువు కూడా అంతే. ఫస్ట్ నేషన్స్ విద్యార్థుల పైచదువులకు కేంద్రం ఇచ్చే డబ్బు ఆయా తెగల పాలక మండళ్ల ద్వారా వస్తుంది. మొత్తానికి పరిమితి ఉంటుంది. అడిగినవాళ్లందరికీ సరిపోదు, వరసలో ఆగాల్సి వస్తుంది. ఊరితో సంబంధం తెగిపోయిన పట్నం పిల్లలకు ఆ వరసలో నిలబడటమే కష్టం.

వాదనలు ఎక్కడ తేడా పడతాయి

ఒక వర్గానికే ప్రత్యేకంగా ఎందుకు, పేదరికాన్ని బట్టి అందరికీ ఇవ్వొచ్చు కదా అనేది మొదటి అభ్యంతరం. విన్నిపెగ్‌లో శరణార్థి కుటుంబాల పిల్లలు కూడా ఇవే వీధుల్లో ఇవే ఇబ్బందులు పడుతున్నారు. ఇది తీసిపారేసే ప్రశ్న కాదు. దీనికి చట్టం చెప్పే జవాబు కెనడా హక్కుల చార్టర్ 15(2)లో ఉంది. వెనక్కి నెట్టబడిన వర్గం స్థితిని మెరుగుపరిచే పథకం సమానత్వానికి విరుద్ధం కాదని అది చెబుతుంది. 2008లో క్యాప్ కేసులో సుప్రీంకోర్టు దీన్నే బలపరిచింది. మన రాజ్యాంగంలో 15(4), 16(4) చదివినవాళ్లకు ఈ తర్కం కొత్త కాదు. చట్టానికి అవతల ఇంకో జవాబుంది. శరణార్థి పేదరికం ఇంకో దేశపు యుద్ధం తెచ్చింది. ఆదివాసీ పేదరికం ఈ దేశమే కాగితం మీద రాసి, అధికారుల్ని పంపి తెచ్చింది. అయినా ఆకలిగా ఉన్న ఇద్దరు పిల్లల్లో ఒకరికి చరిత్ర చూసి పెట్టడం సబబా అని అడిగేవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. విన్నిపెగ్‌లో కొన్ని స్థానిక సంఘాలు తలుపు అందరికీ తెరిచి, పద్ధతి మాత్రం ఆదివాసీ పద్ధతిలో నడుపుతున్నాయి.

రెండోది, ఎవరు ఆదివాసీ అనేది. దరఖాస్తులో టిక్కు పెట్టడం స్వయంప్రకటన. కార్డు అడిగితే 1985కు ముందు పేరు పోగొట్టుకున్న తల్లుల సంతతికి మళ్లీ అన్యాయం. అడగకపోతే అబద్ధపు టిక్కులకు సందు. కెనడా యూనివర్సిటీల్లో పేరున్న పదవుల్లో ఇలాంటి మోసాల ఆరోపణలు ఇటీవలి ఏళ్లలో పెద్ద వివాదాలయ్యాయి. మరోపక్క, నిజమైన ఆదివాసీ పిల్లల్లోనే కొందరు వివక్ష భయంతో టిక్కు పెట్టరు. అందుకే ఏ సంస్థైనా చూపించే ఆదివాసీ ఉద్యోగుల శాతాన్ని కాస్త జాగ్రత్తగా చదవాలి.

మూడోది సంస్కృతి. ఉద్యోగ శిక్షణలో ఎల్డర్లు (ఆదివాసీ పెద్దలు), డోలు, సేజ్ ఆకుల పొగ ఎందుకు, ఆ గంటల్లో ఇంకో నైపుణ్యం నేర్పొచ్చు కదా అంటారు కొందరు. పథకాలు నడిపేవాళ్లు చెప్పేది వేరు. నువ్వు ఎందుకూ పనికిరావని మూడు తరాలుగా విన్న కుర్రాడు, రెండో వారం సూపర్‌వైజర్ ఒక మాట అనగానే మర్నాడు పనిలోకి రాడు. వాడు తిరిగి రావడానికి ఫోన్ చేసే ఒక పెద్దదిక్కు కావాలి. ఎల్డర్ చేసేది ఆ పని. ఈ వాదనలో నేను రెండోవాళ్ల వైపు.

అన్నిటికన్నా గట్టి విమర్శ, ఇంటర్న్‌షిప్ అయిపోయాక ఏమిటి అన్నది. వేసవి ఉద్యోగం సెప్టెంబర్‌కి ముగుస్తుంది. పర్మనెంట్ పోస్టుకు యూనియన్ ఒప్పందం ప్రకారం సీనియారిటీ చూస్తారు. కొత్తవాడు, అందులోనూ తాత్కాలికంగా చేసినవాడు, వరసలో చివర. సీనియారిటీ నియమం కూడా కార్మికులు పోరాడి తెచ్చుకున్నదే, పై అధికారి ఇష్టం వచ్చినవాణ్ణి ఎక్కించకుండా ఆపేది అదే. రెండు న్యాయాలు ఒకే తలుపు దగ్గర ఎదురుపడ్డాయి. దీనికి తోడు గ్రాంట్లు ఏడాదికో రెండేళ్లకో ముగిసేవి. పిల్లలు నమ్మిన మనిషి, నిధులు ఆగిపోయి వెళ్లిపోతే, వాళ్లకది ఇంకో ఫోస్టర్ ఇల్లు మారినట్టే ఉంటుంది.

సిటీ ఉద్యోగం ఇవ్వడం కాదు, సిటీలోనే తమ నేల

ఆదివాసీ నాయకుల్లో మరో ఆలోచన ఉంది. ఎప్పుడూ ఇంకొకరి దగ్గర ఉద్యోగం కోసం సిద్ధం చేయడమేనా, మేమే యజమానులం ఎందుకు కాకూడదు అని. 1871లో కుదిరిన ఒకటో నంబరు ఒడంబడిక (ట్రీటీ 1) నేల మీదే విన్నిపెగ్ ఉంది. ఆ ఒడంబడిక ప్రకారం రావాల్సిన భూమి పూర్తిగా రాలేదని ఆ తెగలు ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడాయి. చివరికి నగరం నడిబొడ్డున సైన్యం ఖాళీ చేసిన క్యాపియాంగ్ బ్యారక్స్ స్థలం వాళ్ల చేతికి వచ్చింది. అందులో పెద్ద భాగం 2022 డిసెంబర్‌లో అర్బన్ రిజర్వ్ అయింది. పేరు నావీ-ఊడెనా.

అర్బన్ రిజర్వ్ అంటే నగరం మధ్యలోనే రిజర్వ్ హోదా ఉన్న నేల. అక్కడ పన్నులు, భూ వినియోగ నియమాలు తెగల ప్రభుత్వమే పెట్టుకుంటుంది. నీళ్లు, మురుగు, అగ్నిమాపక సేవల కోసం సిటీతో ఒప్పందం చేసుకుని డబ్బు కడుతుంది. పైన చెప్పిన 87వ సెక్షన్ ఇక్కడ లెక్కను మారుస్తుంది. స్టేటస్ ఉన్న కుర్రాడు ఇదే నగరంలో, రిజర్వ్ అయిన ఈ నేల మీద పనిచేస్తే ఆ జీతానికి మినహాయింపు వర్తిస్తుంది. అవతలి వీధిలో చేస్తే వర్తించదు. మెటీ కుర్రాడికి ఏ వీధిలోనైనా ఒకటే.

నేల వచ్చినంత మాత్రాన మెట్లు మాయం కావు. అక్కడ ఇళ్లు కట్టే కాంట్రాక్టర్ కూడా లైసెన్స్, సేఫ్టీ కార్డు, అప్రెంటిస్‌షిప్ గంటలు అడుగుతాడు. కట్టడం చాలా ఏళ్లు సాగే పని కాబట్టి, ఈ వేసవిలో సిటీ పార్కుల్లో గడ్డి కోస్తూ మొదటి జీతం అందుకున్న కుర్రాడికి, లెర్నర్ దశ దాటి లైసెన్స్ తెచ్చుకునే సరికి అక్కడ ఇంకా పని ఉంటుంది.